తండాకు తెచ్చిన సద్ది

మన ఊరు (నెల్లికుదురు మండలం)
18 సెప్టెంబర్ 2011

చెల్లె అహల్యకు, నీ అన్న వెంకట్రాం దీవెనలు.

ఫోన్లో నువ్వు అరవడం, నేను "ఆఁ" అనడం తప్ప మాట ముందుకు పోవడం లేదు. అందుకే మళ్లీ కాగితం పట్టాను. చెవులు పోయినా చేతిరాత పోలేదు చూడు. ఈ ఉత్తరం మన మొండయ్య సారు చేతికిచ్చి పంపుతున్నాను. బడికి తాళం పడ్డప్పటి నుంచి ఆయన సమ్మె పని మీద జనగామకూ మన ఊరికీ మోటారు సైకిల్ మీద తిరుగుతూనే ఉన్నాడు.

మన చౌరస్తాలో కూడా టెంటు వేశారు. తెలంగాణ కోసం రోజుకు పదిమంది దీక్షలో కూర్చుంటున్నారు. సాయంత్రం వాళ్లకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విడిపించే పని నాకు అప్పజెప్పారు. "సాయుధ పోరాట యోధుడు వెంకట్రాం గారి చేతుల మీదుగా" అని మైకులో చెప్తారు. ఆ చేతులు వణికి సగం రసం వాళ్ల చొక్కాల మీదే పోస్తున్నాననుకో. అయినా రోజూ ఇస్త్రీ బట్టలు వేసుకుని తయారవుతున్నాను. డెబ్బై తొమ్మిదేళ్లకు నాకు ఈ సోకేమిటని కోడలు ముసిముసిగా నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. గుట్ట మీది తండాలో మా దళానికి తావిచ్చిన జాల్యా మనుమడు బలరాం ఉన్నాడు కదా, భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. బాయి కూడా సమ్మెలో ఉండేసరికి తండాకు వచ్చాడు. అక్టోబర్ పన్నెండున తండా ముందు జాల్యా పేరుతో ఒక రాయి పాతుతారట. అదే రోజు అక్కడే రోడ్డు మీద వంటావార్పు పెడతారట.

"తాతా, మా తాత ఎట్ల సచ్చిపోయిండో ఎర్కున్న దళమోళ్లల్ల నువ్వొక్కనివే మిగిలినవ్. ఒక కాగితం రాసి రాయి కాడ నువ్వే సదువాలె" అని కూర్చున్నాడు.

రజాకార్లు కాల్చి చంపారని రాస్తాలే అన్నాను. "గది అందరికెర్కనే. గుట్ట మీద దళం ఉన్నదని వాళ్లకెట్ల తెలిసింది? గది రాయి" అన్నాడు. ఏం చేయను? ఆనాడు చెప్పిందే రాయాలి. నీ పేరు మాత్రం పెట్టను. "ఒక చిన్నపిల్ల తెలియక సద్ది తీసుకుని వచ్చింది, ఆ వెనకే శత్రువు వచ్చాడు" అని రాస్తాను. మనసు కష్టపెట్టుకోకు. పదకొండేళ్ల పిల్లవు, నీ తప్పేముందని ఎన్నిసార్లు చెప్పలేదు నేను! సరేనని ఒక ముక్క రాసి పంపు.

మోకాళ్లకు నూనె రాసుకోవడం మానకు.

నీ అన్న
వెంకట్రాం

*

జనగామ
22 సెప్టెంబర్ 2011

అన్నకు, అహల్య నమస్కారాలు.

నీ ఉత్తరం మొండయ్య సారు తెచ్చి ఇచ్చాడు. చాయ్ తాగి పొమ్మంటే వినలేదు. మా గల్లీలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, బొగ్గు లేదంటున్నారు. ఉన్న కాస్త వెలుతురులో నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నా పేరు దాచకు అన్నా. నా పేరే రాయి. "వెంకట్రాం చెల్లె అహల్య" అని రాయి. ఇంక ఎన్నాళ్లు దాచుకోను?

నీకు ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్తాను. పెళ్లయిన నాటి నుంచి నేను ఎవరికీ సద్ది కట్టలేదు. మా ఆయన ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి మధ్యాహ్నం పూట హోటల్లోనే తిన్నాడు. "అందరి పెండ్లాలు డబ్బా కడ్తరు, నీకేమొచ్చింది?" అని కోప్పడేవాడు. నా చేతకానితనం అనుకున్నాడు, అట్లాగే పోయాడు. పిల్లలు బడికి పోతుంటే పక్కింటి పుష్పమ్మ కట్టి ఇచ్చేది. గుడ్డలో అన్నం పెట్టి ముడి వేయబోతే నా వేళ్లు ఆగిపోతాయి, ఏం చేయను?

ఆ నాలుగు రోజులూ నాకు బాగా గుర్తున్నాయి. "తండాలో తిండి లేదు, పస్తులున్నాం, అన్నం పంపు" అని నువ్వు అవ్వకు చీటీ పంపావు. నేను వాగు దాకా తెచ్చేదాన్ని. నువ్వు వచ్చి "అందరికీ పంచుతా" అని మూట తీసుకునేవాడివి. అయిదుగురు మనుషులకు ఆ పిడికెడు అన్నం ఏం సరిపోతుందని నాకు ఏడుపు వచ్చేది. అందుకే అయిదో రోజు అవ్వతో కొట్లాడి మూట పెద్దది కట్టించుకున్నాను. ఆ రోజు వాగు దగ్గర నువ్వు లేవు. ఎండ మండిపోతోంది. పైన ఆకలితో చూస్తుంటారు కదా అని గుట్ట ఎక్కాను. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసి ఉంటే!

తుపాకి మోగగానే నన్ను పొదలోకి తోసింది జాల్యా. ఆ చెయ్యి ఇంకా నా వీపు మీద ఉన్నట్టే ఉంటుంది. నన్ను తోయడానికి ఆగకపోతే మీతో పాటే ఉరికేవాడు, బతికేవాడు.

పన్నెండో తారీఖున నేను వస్తున్నాను. బస్సులు లేకపోతే ఆటోలు మారి వస్తాను. జాల్యా భార్య నీలి కాళ్లు పట్టుకుంటాను. అరవై మూడేళ్లు ఆమె ముఖం చూడలేక పుట్టింటికి రావడమే తగ్గించాను.

నీ చెల్లె
అహల్య

*

మన ఊరు
26 సెప్టెంబర్ 2011

చెల్లె అహల్యకు,

నువ్వు రావద్దు. ముందే చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు.

ఆర్టీసీ వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు. తొర్రూరు దగ్గర రోడ్డుకు అడ్డంగా బండలు, టైర్లు. నీ మోకాళ్లతో ఎన్ని ఆటోలు మారతావు? అదీగాక తండావాళ్లు ఇప్పుడు ఉద్యమ వేడిలో ఉన్నారు. ఎవరేం అంటారో తెలియదు. నీ ముఖం మీద ఒక మాట అంటే నేను చూడగలనా?

కాగితంలో నీ పేరు రాయను. అసలు సద్ది మాటే రాయను, ఎవరో కనిపెట్టి చెప్పారని రాస్తాను. అది అక్కడితో పోతుంది. పాత పుండును ఎందుకు గెలకడం?

ఇక్కడ వానలు ఆగాయి. పత్తికి తెగులు వచ్చింది. నా షుగరు మామూలే. నిమ్మరసం నేను తాగడం లేదులే, పంచడమే.

అన్న
వెంకట్రాం

*

జనగామ
1 అక్టోబర్ 2011

అన్నకు,

నీ ఉత్తరం చదివాను. నేను వస్తే నీకు నామోషీ అన్నమాట. మైకులో నీ పేరు మోగుతుంటే పక్కన నీ చెల్లె నిలబడి "నా వల్లే జాల్యా చచ్చిపోయాడు" అంటే పోరాటయోధుడి పరువు ఏమవుతుందని కదా? అర్థమైంది. నా ముఖానికి అది తగినదే.

నిన్న సాయంత్రం మా ఆడవాళ్లందరం హైదరాబాదు రోడ్డు మీద బతుకమ్మ ఆడాం. ఆ మూల నుంచి ఈ మూల దాకా లారీలు నిలిచిపోయాయి. నేనూ నాలుగు చుట్లు తిరిగాను. మనుమరాలు శ్రీలత "ముసలిదానా, పడ్తవ్!" అని నా చెయ్యి వదల్లేదు. నవ్వాను. నవ్వుతూనే నీ ఉత్తరం గుర్తొచ్చి పక్కకు వచ్చి కూర్చున్నాను.

నా ముఖం చూసి శ్రీలత సంగతంతా లాగింది. "నువ్వెందుకు రావద్దు? తండావాళ్లనే అడుగుదాం" అని బలరాం నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆ పిల్లవాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "మా నీలి అవ్వ నిన్ను మస్తు యాది చేస్తది, జరూర్ రా అమ్మమ్మా" అన్నాడు. ఎవరేం అంటారో అని నువ్వు భయపెట్టిన తండా ఇదేనా?

ఇంకో మాట కూడా అన్నాడు. "పన్నెండు నాడు అవ్వ మల్ల జొన్నరొట్టెలు చేస్తదంట. గప్పుడు దళమోళ్లకు దినాం ఇరవై రొట్టెలు చేసేదంట గదా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా నాకు ఆ మాటే చెవిలో ఉంది. దినాం ఇరవై రొట్టెలు.

తండాలో తిండి లేదని కదా నువ్వు చీటీ రాసింది? పస్తులున్నామని కదా? ఇరవై రొట్టెలు అయ్యే ఇంటికి నేను సద్ది ఎందుకు తెచ్చాను అన్నా?

దీనికి జవాబు రాయి. పత్తి సంగతి రాయకు.

అహల్య

*

మన ఊరు
4 అక్టోబర్ 2011

అహల్యా,

ఈ ఉత్తరం మొండయ్య చేతికి ఇవ్వడం లేదు. జిగురు పెట్టి అంటించి, నేనే నడిచిపోయి పోస్టు డబ్బాలో వేస్తాను. ఎవరైనా విప్పి చూస్తారేమో అని భయం. ఈ వయసులో కూడా భయమే.

తండాలో తిండి ఉంది. రోజూ ఉంది. నీలి జొన్నరొట్టెలు చేసి, మిరపకాయ నూరి, మాకు పెట్టిన తర్వాతే వాళ్లు తినేవాళ్లు. మా దళ నాయకుడు యోసేపు తినేవాడు, మిగతా ముగ్గురూ తినేవాళ్లు. నేను తినలేదు.

ఎందుకో నీకు చెప్పాలా? పటేలు ఇంట్లో పుట్టాను. లంబాడోళ్ల చేతి నీళ్లు తాగితే బాపు గడప తొక్కనిచ్చేవాడు కాదు. నేను బాపును ఎదిరించి సంఘంలో చేరాను, ఎర్రజెండా పట్టుకున్నాను, మనుషులంతా ఒక్కటే అని పాటలు పాడాను. అవన్నీ నోటితో చేశాను. అదే నోట్లో ఆ రొట్టె పెట్టుకోబోతే గొంతు దిగలేదు. కడుపులో నొప్పి అని చెప్పాను. జాల్యా చూస్తున్నప్పుడు ముక్క తుంచి నమిలినట్టు చేసి, తర్వాత ఈతపొదలో పడేసేవాడిని. రెండు రోజులు అట్లా గడిపాను. మూడో రోజు కళ్లు తిరిగాయి. అప్పుడు అవ్వకు ఆ చీటీ రాశాను. నువ్వు తెచ్చిన అన్నం ఎవరికీ పంచలేదు. కాపలాకు పోతున్నానని చెప్పి వాగు దగ్గర బండ చాటున కూర్చుని ఒక్కడినే తిన్నాను. నువ్వు ఏడ్చింది నా ఒక్కడి కడుపు కోసం.

అయిదో రోజు వాగు దగ్గరికి ఎందుకు రాలేదో కూడా రాస్తాను. తండావాళ్లను కూర్చోబెట్టి నేను పాఠం చెప్తున్నాను. తక్కువ కులం ఎక్కువ కులం లేదని, అంతా సమానమని. జాల్యా ముందు వరుసలో కూర్చుని తలూపుతూ విన్నాడు. ఆ పాఠం కాస్త పొడుగైంది. అంతలో నువ్వు మూట పట్టుకుని గుట్ట మీద కనబడ్డావు.

ఇంటి నుంచి పారిపోయిన పటేలు కొడుకు కోసం మన ఇంటి మీద నిఘా ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. తెలిసే చీటీ పంపాను. ఆకలి ఒకటే కాదు, ఆకలికి తిండి ఎదురుగానే ఉంది. కులం పోతుందని పంపాను.

తర్వాత యోసేపు అడిగాడు, "పిల్ల ఎందుకొచ్చింది?" అని. "మాకు తిండి లేదనుకుని అవ్వ పంపిందట, పిల్లకు తెల్వదు" అన్నాను. ఆ అబద్ధం అక్కడ మొదలైంది. పెన్షన్ కాగితాల్లోనూ అదే రాశాను. రాఖీ కట్టడానికి వచ్చి నువ్వు ఏడ్చిన ప్రతిసారీ "చిన్నపిల్లవు, నీ తప్పు కాదు" అని నీ తల నిమిరాను. అన్నిటికన్నా ఆ తల నిమిరినందుకే నాకు సిగ్గుగా ఉంది. నా పాపం నీ నెత్తిన పెట్టి, నేనే నిన్ను ఓదార్చాను. నీ మొగుడు హోటల్లో తిన్న ముప్పై ఏళ్ల భోజనం కూడా నా లెక్కలోదే.

నువ్వు వస్తే నాకు నామోషీ అనుకున్నావు. నువ్వూ నీలీ ఒకచోట కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకుంటే నేను దొరికిపోతానని భయపడ్డాను. అంతే.

ఏం చేయమంటావో చెప్పు.

వెంకట్రాం

*

జనగామ
8 అక్టోబర్ 2011

నీ ఉత్తరం అందింది.

ఏం చేయాలో నన్ను అడుగుతున్నావా? అది కూడా నేనే మోసుకుని రావాలా?

పన్నెండో తారీఖున నేను రాను. రాయి దగ్గర ఏం చదవాలో నీకే తెలుసు. చదివేదాకా నాకు రాయకు.

అహల్య

*

మన ఊరు
14 అక్టోబర్ 2011

అహల్యా,

చదివాను. ఒక్క ముక్క విడవకుండా, నీకు రాసినట్టే రాసుకుని చదివాను.

రోడ్డు పొడుగునా పొయ్యిలు పెట్టారు. నాలుగూళ్ల జనం వచ్చారు. రాయికి ఎర్రగుడ్డ కప్పి, పూలు వేశారు. నీలి ఒక పక్కన రొట్టెలు చేస్తూ కూర్చుంది. బాగా వంగిపోయింది, అయినా చేతులు ఆడుతూనే ఉన్నాయి. నేను మైకు పట్టుకున్నాను. మొండయ్య కుర్చీ తెచ్చాడు. వద్దన్నాను.

చదవడం అయిపోయింది. రాళ్లు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది. చప్పట్లు కొట్టారు అహల్యా! ముందు ఒకరు, తర్వాత అందరూ. మండలం నుంచి వచ్చిన నాయకుడు శాలువా తెచ్చి నా మీద కప్పాడు. "ఇంత పెద్ద మనసు ఎవరికుంటది? గిదే మన తెలంగాణ నిజాయితీ!" అని మైకులో అరిచాడు. వద్దు, వద్దు అని నేను చేతులు ఊపితే, దాన్ని కూడా వినయం అనుకుని ఇంకా కొట్టారు. నేను చేసిన పాపానికి కూడా నాకు సన్మానమే అయింది.

బలరాం చప్పట్లు కొట్టలేదు. నా చేతిలోని కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీలి కూడా కొట్టలేదు. పెనం మీది రొట్టె తిప్పుతూనే ఉంది.

శాలువా తీసి కుర్చీ మీద వేసి ఆమె దగ్గరికి పోయి కింద కూర్చున్నాను. ఆమే మొదలుపెట్టింది. నాకు వినబడాలని గట్టిగానే మాట్లాడింది.

"నాకెర్కనే పటేలా. నీ రొట్టెలు ఈతపొదల్ల దొరికినయ్. ఏరి మేకకేసిన. జాల్యాకు మాత్రం చెప్పలే. 'పటేలు కొడుకు మనింట్ల తింటుండు, మన రొట్టె తింటుండు' అని తండంత తిరిగి చెప్పుకునేటోడు. మనువైన కాడికెల్లి ఆయనను గంత సంబురంల నేను సూడలే. గా సంబురంతోనే పోయిండు. అందుకే గీ ముచ్చట నా కడుపుల్నే పెట్టుకున్న, మా కొడుకు మంగీలాలుకు గుడ చెప్పలే. నువ్వియ్యాల మైకుల చెప్పినవ్. ఆయన రాయి ముంగటనే చెప్పినవ్."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

నిజం చెప్తే బరువు దిగుతుందనుకుని పోయిన వాడిని నేను. చచ్చిపోయిన వాడి చేతిలో మిగిలిన ఆ ఒక్క సంతోషాన్ని కూడా లాక్కుని వచ్చాను. అరవై మూడేళ్లు ఆమె కాపాడిన దాన్ని అయిదు నిమిషాల్లో పోగొట్టాను, దాని మీద చప్పట్లు కొట్టించుకున్నాను.

"ఒక్క రొట్టె పెట్టు నీలక్కా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆమెను అక్కా అనడం అదే మొదలు.

"అయిపోయినయ్" అన్నది.

గంపలో ఇంకా నాలుగో అయిదో ఉన్నాయి. వాటి మీద గుడ్డ కూడా కప్పలేదు. నాకు కనబడేటట్టే ఉంచింది.

లేచి వచ్చేశాను. నిన్నటి నుంచి నిమ్మరసం ఇవ్వడానికి పోవడం లేదు. పిలవడానికి వచ్చిన వాళ్లకు జ్వరం అని చెప్పించాను. చూశావా, మళ్లీ అబద్ధమే.

వెంకట్రాం

*

జనగామ
19 అక్టోబర్ 2011

అన్నకు,

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి. బలరాం బాయికి పోయేముందు ఫోన్ చేశాడు. ఇంకో రెండు రోజుల్లో భూపాలపల్లి బండి ఎక్కుతాడట. వాళ్ల అవ్వ నన్ను రమ్మన్నదని మళ్లీ చెప్పాడు.

నిన్ను క్షమించానా అని నా మనసును అడిగి చూశాను. ఒకనాడు జాలి వేస్తుంది, ఒకనాడు నువ్వు నిమిరిన నా తలను గోకి గోకి కడుక్కోవాలనిపిస్తుంది. ఇది ఇంతే అనుకుంటా, మనం బతికినన్నాళ్లూ.

పొద్దున లేచి అన్నం వండాను. పప్పు, మామిడి తొక్కు. తెల్లగుడ్డ పరిచి అన్నం పెట్టి ముడి వేయబోతే వేళ్లు మళ్లీ ఆగాయి. శ్రీలత కడతానని వచ్చింది. వద్దన్నాను. రెండుసార్లు విప్పి, మూడోసారి కట్టాను. ముడి వంకరగా పడింది కానీ గట్టిగానే ఉంది.

ఇది నీకు కాదు, నీలికి. ఆమె తింటుందో తినదో ఆమె ఇష్టం. తినకపోతే నా ముఖం మీదే తినను అంటుంది. పొదలో పడేసే మనిషి కాదు.

తొర్రూరులో దిగి ఆటో ఎక్కుతాను. వాగు దగ్గర ఎవరూ నా కోసం నిలబడనక్కరలేదు. నువ్వు తోడు రావద్దు. గుట్ట మీదికి దారి నాకు తెలుసు.

అహల్య